బ్లేడుతో కోసి పాట కట్టిన డెలియా

పోయిన సెమిస్టర్ పరీక్షల ముందు ఒక రాత్రి పదకొండింటికి హాస్టల్లో కరెంటు పోయింది. చార్జింగ్ మిగిలిన ల్యాప్‌టాప్ మా రూమ్మేట్‌దొక్కటే. వాడు చదువుకోవడం మానేసి, చీకట్లో వింటే బాగుంటుందని డాక్టర్ హూ టైటిల్ మ్యూజిక్ పెట్టాడు. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక డాక్టర్ కథ అది, బ్రిటన్‌లో 1963లో మొదలైన సీరియల్. వాడు పెట్టింది ఆ మొట్టమొదటి మ్యూజిక్కే. కింద గుర్రం దౌడు తీస్తున్నట్టు బేస్, పైన ఎవరో ఊళ పెడుతున్నట్టు జారిపోయే స్వరం. రూములో నలుగురం ఉన్నాం. అయిపోయేదాకా ఎవరం మాట్లాడలేదు.

అయిపోగానే గొడవ. ఇది రాన్ గ్రెయినర్ కంపోజ్ చేసిందని ఫైనలియర్ అన్న అన్నాడు. ఏదో పాతకాలం సింథసైజర్ అయ్యుంటుందని రూమ్మేట్ అన్నాడు. నేను ఊరుకోలేదు. అది డెలియా డెర్బీషైర్ చేసిందనీ, అందులో సింథసైజర్ అనేదే లేదనీ, ఆమె పేరు మింగేశారనీ మొదలుపెట్టాను. రాత్రి రెండింటికి కరెంటు వచ్చింది గానీ గొడవ ఆగలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు తెలిసింది సగమే. మిగతా సగం తర్వాత చదువుకుని, విని తెలుసుకున్నాను. ఇది అభిమాని రాసిన వ్యాసం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

డెలియా 1937 మే 5న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో పుట్టింది. నాన్న రేకుల పని చేసే కార్మికుడు. 1940 నవంబర్‌లో జర్మన్ విమానాలు ఒక్క రాత్రిలో ఆ ఊరిని నేలమట్టం చేసేటప్పటికి ఆమెకి మూడేళ్లు. బాంబులు పడే ముందు మోగే సైరన్, ప్రమాదం తప్పిందని చెప్పే సైరన్, ఈ రెండూ ఆమె చెవిలో ఉండిపోయాయి. ఎక్కణ్ణుంచి వస్తోందో, ఏ వాయిద్యమో తెలియని ధ్వని మీద తనకి ఇష్టం అక్కడే మొదలైందని పెద్దయ్యాక చెప్పుకుంది. ఇప్పుడు ఆ టైటిల్ మ్యూజిక్ మళ్లీ వినండి. ఆ జారే స్వరంలో సైరన్ వినపడుతుంది. నాకైతే వినపడుతుంది. మా అన్న మాత్రం ఇదంతా తెలిశాక పుట్టిన భ్రమ అంటాడు.

ఇంట్లో పుస్తకాలు పెద్దగా లేవు. రేడియోయే బడి. పియానో నేర్చుకుంది, లెక్కల్లో గట్టి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింట్లోనూ సీటొస్తే కేంబ్రిడ్జ్‌లోని గర్టన్ కాలేజీకి స్కాలర్‌షిప్ మీద లెక్కలు చదవడానికి వెళ్లింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలే తక్కువ, అందులో కార్మికుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు మరీ తక్కువ. ఏడాది తర్వాత సంగీతానికి మారి, 1959లో లెక్కలూ సంగీతమూ కలిసిన డిగ్రీతో బయటికొచ్చింది.

ఇక్కడ మన ప్లేస్‌మెంట్ బాధితులకి నచ్చే ఘట్టం ఒకటుంది. తనకి ధ్వని, సంగీతం, అకౌస్టిక్స్ ఇష్టమని కెరీర్ ఆఫీసులో చెబితే, వినికిడి యంత్రాల తయారీలోకి గానీ, సముద్రం లోతు కొలిచే పనిలోకి గానీ వెళ్లమని సలహా ఇచ్చారట. ఆమె డెక్కా రికార్డ్స్ కంపెనీకి అప్లై చేసింది. తమ రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్లని పెట్టుకోమని జవాబొచ్చింది. మార్కులు చాలలేదనో, అనుభవం లేదనో కాదు, నేరుగా ఆ మాటే. తర్వాత కొన్నాళ్లు జెనీవాలో దౌత్యవేత్తల పిల్లలకి పియానో, లెక్కలు చెప్పింది. తిరిగొచ్చి కోవెంట్రీలో టీచరు పని, లండన్‌లో ఒక సంగీత ప్రచురణ సంస్థలో ఉద్యోగం. 1960 చివర్లో బీబీసీలో ట్రైనీ అసిస్టెంట్ స్టూడియో మేనేజరుగా చేరింది. గ్రామఫోన్ రికార్డుని వెలుతురికి పెట్టి గాళ్లు చూసి, విమర్శకుడు అడిగిన చోట సరిగ్గా సూది దించేదని పేరు.

బీబీసీలో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అని ఒక విభాగం ఉండేది. 1958లో డాఫ్నీ ఓరమ్, డెస్మండ్ బ్రిస్కో మొదలుపెట్టారు. లండన్ మైడా వేల్‌లో, ఒకప్పుడు రోలర్ స్కేటింగ్ రింక్‌గా కట్టిన బిల్డింగులో. రేడియో నాటకాలకీ టీవీకీ వింత ధ్వనులు చేసిపెట్టడం వాళ్ల పని. అక్కడికి ఎవరినైనా వేస్తేనే వెళ్లేవారు. డెలియా అడిగి మరీ వెళ్లడం పైవాళ్లకి అర్థం కాలేదు. 1962లో అక్కడ చేరి పదకొండేళ్లు ఉంది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, వాళ్లు చేసేదాన్ని బీబీసీ సంగీతం అని పిలవడానికి ఇష్టపడేది కాదు. వాళ్లు అసిస్టెంట్లే తప్ప కంపోజర్లు కారు. పేర్లు వేసేవారు కాదు, విభాగం పేరొక్కటే వేసేవారు.

1963లో డాక్టర్ హూ పని వచ్చింది. రాన్ గ్రెయినర్ అప్పటికే టీవీ సంగీతంలో పేరున్నవాడు. ట్యూను రాసిచ్చాడు, ఒక్క కాగితం. బేస్ లైను, పై స్వరం, మధ్యలో కొన్ని చోట్ల గాలి, మబ్బులు లాంటి సూచనలు. మబ్బు శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేదు. అది డెలియా తేల్చుకోవాలి.

ఈసీఈ వాళ్లు ఇక్కడ కొంచెం కుదురుగా కూర్చోండి. మూగ్ సింథసైజర్ రూపు దిద్దుకున్నది 1964లో, అంటే దీని తర్వాతి ఏడాది. వర్క్‌షాప్‌లో ఉన్నవి మన ల్యాబులో ఫంక్షన్ జనరేటర్ లాంటి టెస్ట్ ఆసిలేటర్లు, ఫిల్టర్లు, టేపు మెషీన్లు. కీబోర్డు లేదు. మల్టీట్రాక్ రికార్డింగ్ లేదు. బేస్ కోసం బిగించిన ఒక తీగని మీటి ఆ ఒక్క ధ్వనిని టేపు మీదకి ఎక్కించారు. టేపు వేగం సగం చేస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, రెట్టింపు చేస్తే ఒక స్థాయి పైకి పోతుంది. మధ్యలో కావలసిన స్వరాలకి వేగం ఎంతుండాలో లెక్కగట్టాలి. ఆమె చేతిలో ఎప్పుడూ లాగరిథమ్ పట్టికల పుస్తకం ఉండేదంటారు, మన క్లార్క్స్ టేబుల్స్ లాంటిదన్నమాట. అలా ఒక్కో స్వరం విడిగా తయారుచేసి, టేపుని బ్లేడుతో కోసి, ముక్కలు వరసగా అతికించారు. సెకనుకి 15 అంగుళాల టేపు నడుస్తుంటే అర సెకను స్వరం అంటే ఏడున్నర అంగుళాల ముక్క. అంటే తాళాన్ని స్కేలుతో కొలవడమే. ఆ జారే పై స్వరానికి ఆసిలేటర్ గుండీని చేత్తో తిప్పారు. బుసబుసలాడే శబ్దం వైట్ నాయిస్‌ని ఫిల్టర్లో పోసి తీసింది.

బేస్ ఒక టేపు, పై స్వరం ఒక టేపు, మబ్బులూ గాలీ ఇంకో టేపు. వీటన్నిటినీ వేరువేరు మెషీన్లలో పెట్టి, ఒక్కసారి మీటలు నొక్కి, కలిపి వేరే టేపు మీదకి ఎక్కించాలి. ఒకచోట కలవలేదు. ఎక్కడో ఒక అతుకు తప్పింది, విని పట్టుకోలేకపోయారు. అప్పుడు ఆ టేపులన్నీ పట్టుకెళ్లి మైడా వేల్ పొడవాటి కారిడార్లో నేలమీద పక్కపక్కన పరిచేశారు. అతుకులు ఒకదాని పక్కన ఒకటి వరసలో ఉండాలి. ఒక్కచోట వరస తప్పింది, అదీ తప్పు. ఈ సంగతి తర్వాత చెప్పినాయన డిక్ మిల్స్, ఆమె పక్కన పనిచేసిన అసిస్టెంటు. నేను ఎన్నిసార్లు తలుచుకున్నా ఈ దృశ్యం దగ్గరే ఆగిపోతాను. ఈ రోజు మనం స్క్రీన్ మీద వేవ్‌ఫామ్‌లు పక్కపక్కన పెట్టి చూసుకునే పనిని వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని నేలమీద చేశారు.

పూర్తయ్యాక గ్రెయినర్ విని, ఇది నేను రాసిందేనా అని ఆశ్చర్యపోయాడట. చాలావరకు మీదే అని ఆమె జవాబు. ఆయన మంచివాడు. తన హక్కుల్లో సగం ఆమెకి ఇవ్వాలనుకున్నాడు. బీబీసీ ఒప్పుకోలేదు. ఉద్యోగి జీతం తీసుకుంటుంది, పేరు విభాగానిది, అంతే. 1963 నవంబర్ 23న, కెనెడీ హత్య జరిగిన మర్నాడు, సీరియల్ మొదలైంది. తెర మీద గ్రెయినర్ పేరు, వర్క్‌షాప్ పేరు ఉన్నాయి. డెలియా పేరు లేదు. 1988లో ది టైమ్‌లార్డ్స్ అనే జట్టు ఆ ట్యూను వాడుకుని చేసిన పాట బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. రాసినవాళ్ల జాబితాలో అప్పటికి చనిపోయిన గ్రెయినర్ ఉన్నాడు, బతికున్న డెలియా లేదు.

అన్న వాదన ఏమిటంటే, ట్యూను రాసినవాడే కంపోజరు, మిగతాదంతా నిర్మాణం. సిమెంటు కలిపినవాడి పేరు ఆర్కిటెక్టు పక్కన రాస్తామా అంటాడు. రూమ్మేట్ ఇంట్లో వాళ్లమ్మ అన్నమయ్య కీర్తనలు పాడతారు. వాడు అక్కణ్ణుంచి పట్టుకున్నాడు. మాటలు అన్నమయ్యవే అయినా, మనం పాడే చాలా వరసలు కట్టింది నేదునూరి, రాళ్లపల్లి లాంటివాళ్లు కదా, కచేరీలో ఆ సంగతి చెబుతారు కదా అన్నాడు. నాకు ఆ పోలిక పూర్తిగా నప్పుతుందనిపించలేదు గానీ, గొడవలో నా వైపు వచ్చింది కాబట్టి అప్పుడు ఏమీ అనలేదు.

నాకు అంత కోపం ఎందుకంటే, దానికో సొంత కారణం ఉంది. రెండో సంవత్సరంలో ఒక ఫెస్ట్ ప్రోమో వీడియోకి ఆడియో మొత్తం నేను చేశాను. రెండు రాత్రులు నిద్రలేదు. వీడియో చివర్లో పేర్లు వచ్చాయి, డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్, స్పాన్సర్లు. ఆడియో అనే మాటే లేదు. అడిగితే టీమ్ పేరు వేశాం కదా అన్నారు. కాబట్టి డెలియా కథ చదివినప్పుడల్లా నేను నా గురించే చదువుకుంటున్నానేమో.

ఆమె చేసింది ఆ ఒక్క మ్యూజిక్కే అనుకునేవాళ్లకి ఒక లాంప్ షేడ్ కథ చెప్పాలి. ఒక ఆకుపచ్చ లోహపు లాంప్ షేడ్ ఆమెకి ఇష్టం, కొడితే గంటలా మోగేది. దెబ్బ తగిలిన మొదటి క్షణాన్ని టేపులోంచి కోసి పారేసి, మిగిలిన మోత మాత్రం ఉంచుకుంది. ఆ మోతలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో విడదీసి, ఆసిలేటర్లతో ఆ మోతని మళ్లీ కట్టింది. సహారా ఎడారి త్వారెగ్ జనం మీద తీసిన డాక్యుమెంటరీకి చేసిన బ్లూ వెయిల్స్ అండ్ గోల్డెన్ శాండ్స్ అలా పుట్టింది. ఒంటెల బిడారు ఎండలో దూరాన కదులుతున్నట్టుంటుంది, అడుగుల చప్పుడు మాత్రం ఉండదు. అంతకుముందు 1964లో బారీ బెర్మాంజ్‌తో కలిసి డ్రీమ్స్ అనే రేడియో కార్యక్రమం చేసింది. మామూలు జనం తమ కలల గురించి చెప్పిన మాటల్ని కోసి, ధ్వనుల మీద పేర్చారు. రాత్రి హెడ్‌ఫోన్స్‌లో ఒంటరిగా వినొద్దని నా సలహా. అసిమోవ్ కథ ఆధారంగా తీసిన ఒక టీవీ నాటకంలో రోబోల భజన కోసం చేసిన పాటైతే నిన్న ఏదో క్లబ్బులో వేసినట్టుంటుంది. అది అరవైల్లోది.

1966లో బ్రయన్ హాడ్జ్‌సన్, పీటర్ జినోవియెఫ్‌లతో కలిసి బయట ఒక స్టూడియో పెట్టింది. తర్వాత డేవిడ్ వోర్‌హౌస్ తోడయ్యాడు. వైట్ నాయిస్ అనే పేరుతో 1969లో యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్ అనే ఆల్బమ్ వచ్చింది. అప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాతి తరాల ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్లు దాన్ని వెతుక్కుని మరీ విన్నారు.

అందుకని అభిమానులు కొందరు ఆమెని సింథ్‌పాప్‌కి అమ్మ అంటారు. ఇక్కడ నేను నా పక్షం వదిలి అవతలికి వెళ్తున్నా. ఆమెకి సింథసైజర్ అంటే అంత ఇష్టం లేదు. 1972లో డాక్టర్ హూ మ్యూజిక్‌ని కొత్తగా చేద్దామని, వర్క్‌షాప్‌కి వచ్చిన సింథీ 100 అనే బీరువాలంత సింథసైజర్ మీద ప్రయత్నించారు. చేసినవాళ్లలో ఆమె కూడా ఉంది. అది దొరుకుతుంది, వినండి, పిల్లల బొమ్మ కీబోర్డులా టింగుటింగుమంటుంది. బీబీసీలో ఎవరికీ నచ్చలేదు, పక్కన పడేసి పాత టేపే వాడారు. తీగా బ్లేడూ చేసినదాన్ని ఆ బీరువా చేయలేకపోయింది. మరి సింథ్‌పాప్‌కి ఆమెకి సంబంధమేంటి? ప్రతి శనివారం సాయంత్రం టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఆ మ్యూజిక్ విని భయపడి సోఫా వెనక్కి వెళ్లి పెరిగారు. డెబ్బైల చివర్లో వాళ్లు పెద్దవాళ్లయ్యేసరికి చవక సింథసైజర్లు అంగట్లోకి వచ్చాయి. నాకు కనపడే సంబంధం అంతే. అది తక్కువేం కాదు కూడా.

1973లో బీబీసీ వదిలేసింది. కొద్దిరోజులు హాడ్జ్‌సన్ స్టూడియోలో పనిచేసి, దాన్నీ వదిలేసింది. ఇంగ్లండ్ వాయవ్యంలో గ్యాస్ పైపులైన్ వేసేచోట రేడియో ఆపరేటరుగా చేరింది. పెళ్లి చేసుకుంది, అది నిలవలేదు. లీ యువాన్ చియా అనే చైనా కళాకారుడి గ్యాలరీలో పనిచేసింది. ఆ తర్వాత నార్తాంప్టన్‌లో స్థిరపడింది. తాగుడు ఎక్కువగానే ఉండేది. ఇరవై ఏళ్లకి పైగా ఆమె సంగీతం ఏదీ బయటికి రాలేదు.

ఇక్కడ అభిమానులు ఏడుస్తారు. వ్యవస్థ తొక్కేసిన మేధావి అని, సావిత్రి కథలా చెప్పేస్తారు. మా రూమ్మేట్ కూడా అదే పాట. నాకు ఈ పాట నచ్చదు. ఆ ఏళ్లలో ప్రపంచమే శ్రుతి తప్పిందని ఆమె తర్వాత చెప్పింది, బీబీసీ కూడా తప్పిందని చెప్పింది. తనకి నచ్చని పని తను మానేసింది. నెలకి జీతమిచ్చే పైపులైన్ పనిలో సుఖంగా ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? సంగీతం లేని ఇరవై ఏళ్లని ఖాళీ అని మనం అంటున్నాం, ఆమె కాదు. తొంభైల్లో సోనిక్ బూమ్ అనే పేరుతో పాటలు చేసే పీటర్ కెంబర్ ఫోన్ చేసి మాట్లాడటం మొదలుపెట్టాక మళ్లీ ఉత్సాహం వచ్చి అతని ఆల్బమ్‌లకి సలహాలిచ్చింది. 2001 జూలై 3న, 64 ఏళ్ల వయసులో, కేన్సర్ నుంచి కోలుకుంటుండగా కిడ్నీలు పాడై చనిపోయింది.

అటక మీద దొరికాయి టేపులు. 267 టేపులు, వెయ్యికి పైగా కాగితాలు, బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ అట్టపెట్టెల్లో. పాత సహోద్యోగుల ద్వారా మార్క్ ఏర్స్ అనే సంగీతకారుడి దగ్గరికి చేరి, 2007లో మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లాయి. అందులో ఒక ముక్క ఇప్పటి టెక్నోలా ఉందని, అరవైల చివర్లో ఇలా ఎలా చేసిందని ఆర్బిటల్ బృందం పాల్ హార్ట్‌నల్ లాంటివాళ్లు నోరెళ్లబెట్టారు. ఇంకో తమాషా ఏంటంటే, టేపుల మీది లేబుళ్లు చాలావాటికి జిగురు ఎండి ఊడిపోయాయి. ఏది దేనిదో, అన్నీ ఆమె చేసినవేనో కాదో వినుకుంటూ తేల్చాల్సి వచ్చింది. పేరు లేకుండా పనిచేసిన మనిషి వదిలిపోయిన టేపులకీ పేర్లు లేవు.

2013లో డాక్టర్ హూ యాభై ఏళ్ల ప్రత్యేక భాగంలో మొదటిసారి ఆమె పేరు తెర మీద పడింది. అప్పటికి ఆమె చనిపోయి పన్నెండేళ్లు. 2017లో కోవెంట్రీ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఆ వార్త చూపించి నేను గెలిచాననుకున్నాను. అన్న తాపీగా ఒక ప్రశ్న వేశాడు. మరి డిక్ మిల్స్ సంగతేంటి, కారిడార్లో నేలమీద కూర్చుని అతుకులు వెతికింది ఇద్దరు కదా అని. వర్క్‌షాప్‌లో డెలియా కంటే ముందు పనిచేసిన మాడలేనా ఫగండీని పేరు మన రూములో ఎవరికైనా తెలుసా అని కూడా అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు నా ఫెస్ట్ వీడియో గుర్తొచ్చింది. అందులో వాడిన వాన చప్పుడు నేను రికార్డు చేసింది కాదు. ఫస్టియర్ తమ్ముడొకడు రాత్రి పన్నెండింటికి టెర్రస్ మీద గొడుగు కింద ఫోను పట్టుకుని నిలబడి రికార్డు చేసి పంపింది. నా పేరు వేయలేదని ఇన్నాళ్లు అందరికీ చెప్పుకున్నాను. చెప్పిన ఒక్కసారి కూడా వాడి పేరు ఎత్తలేదు.

పరీక్షలయ్యాక వాణ్ణి పిలిచాను. మెస్సులోంచి ఒక స్టీలు పళ్లెం తెచ్చాడు. దారం కట్టి వేలాడదీసి గరిటెతో కొట్టాడు, నేను రికార్డు చేశాను. దెబ్బ తగిలిన మొదటి క్షణం కోసేసి మిగతాది మ్యాట్‌ల్యాబ్‌లో ఎఫ్ఎఫ్‌టీ చేసి చూశాం. డెలియా చెవితో, ఫిల్టర్లతో రోజుల తరబడి చేసిన పని రెండు సెకన్లలో స్క్రీన్ మీద గీతలుగా వచ్చేసింది. ఏడు గీతలు పళ్లెంవి అనుకున్నాం, ఎనిమిదోది ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. చివరికి తమ్ముడు పైకి చూశాడు. సీలింగ్ ఫ్యాన్ ఆపడం మర్చిపోయాం. మళ్లీ రికార్డు చేద్దామని ఫ్యాన్ ఆపేసరికి మెస్సు అన్న పళ్లెం కోసం వచ్చేశాడు.